‘మనకి యూఆర్‌ఎం వర్తిస్తుందా’ అని అడిగిన తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు, మెడికల్ స్కూలు అప్లికేషన్ల టెన్షన్‌లో ఉన్న అమ్మానాన్నలకు నమస్కారం. (యూఆర్‌ఎం అంటే ‘అండర్‌రిప్రజెంటెడ్ మైనారిటీ’, డాక్టర్లలో తక్కువగా ఉన్న వర్గాలకి ఇక్కడి మెడికల్ కాలేజీలు వాడే పేరు.)

పోయిన వేసవిలో మన సంఘాల్లో ఒకదాని మహాసభల్లో, శనివారం మధ్యాహ్నం, మెడికల్ అడ్మిషన్ల మీద పెట్టిన సెషన్‌కి నన్నూ పిలిచారు. బిర్యానీ తిని వచ్చిన జనం, చల్లటి హాలు, అయినా ఒక్కరు కునుకు తియ్యలేదు. పక్క హాల్లో సినిమా హీరో వచ్చాడని ఈలలు వినబడుతున్నా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదంటే చూడండి, మనవాళ్ళకి మెడికల్ సీటు ముందు హీరో కూడా దిగదుడుపే. నా పక్కన కూర్చున్న కన్సల్టెంట్ గారు స్లైడ్లు వేశారు (గంటకి ఎంత తీసుకుంటారో చెప్పను, చెబితే తిన్న బిర్యానీ అరిగిపోతుంది). అవి అయ్యాక ఒకాయన లేచి మైకు అందుకున్నారు. "మేడమ్, మనం ఈ దేశ జనాభాలో రెండు శాతం కూడా లేం. మనకన్నా మైనారిటీ ఎవరండీ? మరి మా వాడికి యూఆర్‌ఎం వర్తిస్తుందా, వర్తించదా?"

హాలంతా చప్పట్లు.

కన్సల్టెంట్ గారు నవ్వి, "అఫీషియల్‌గా కాదండీ, కానీ కథని అలా కట్టుకోవచ్చు" అన్నారు. నాకు మిగిలిన రెండు నిమిషాల్లో నేనేదో గొణిగాను గానీ ఎవరికీ ఎక్కలేదు, నాకే ఎక్కలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పట్లు చెవుల్లోంచి పోలేదు. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం పొడుగైతే ఓర్చుకోండి.

ముందు నేనెవరో చెప్పాలి కదా. గుంటూరు జిల్లాలో పల్లెటూరు, రెండు పంటలు పండే పొలం ఉన్న ఇల్లు, ఎంసెట్ ర్యాంకు, కోస్తాలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ, తర్వాత ఇక్కడ రెసిడెన్సీ. వీసా కోసం మూడేళ్ళు తూర్పు కెంటకీ కొండల్లో బొగ్గు గనుల ఊళ్ళో పనిచేశాను. ఇప్పుడు ఒహాయోలో పేషెంట్లని చూసుకుంటూ, ఆరేళ్ళుగా దగ్గర్లో ఉన్న ఒక మెడికల్ స్కూల్‌కి వాలంటీరుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. సీట్లు ఇచ్చేది నేను కాదు, నాకంత సీన్ లేదు. నా కూతురు కూడా ఈ రొచ్చంతా దాటి రెండేళ్ళ కింద చేరింది. ఇరవై పైచిలుకు కాలేజీలకి పెట్టి, చివరికి వెయిటింగ్ లిస్టులోంచి ఒకదాంట్లో. కాబట్టి రాత్రి రెండింటికి ఈమెయిల్ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చోవడం అంటే ఏంటో నాకూ తెలుసు.

అసలు ఈ యూఆర్‌ఎం అనే మాట ఎక్కడిది? అమెరికా మెడికల్ కాలేజీల సంఘం, అందరూ ఏఏఎంసీ అనేది, 2003 దాకా ఒక లిస్టు పెట్టుకుంది. అందులో నాలుగే వర్గాలు: నల్లజాతివాళ్ళు, మెక్సికన్ అమెరికన్లు, అలాస్కా హవాయి మూలవాసులతో కలిపి నేటివ్ అమెరికన్లు, అమెరికా ప్రధాన భూభాగంలో ఉండే ప్యూర్టోరికన్లు. క్యూబా వాళ్ళు లేరు. మనం లేం. 2003 జూన్‌లో ఆ లిస్టు తీసేసి, ఒక నిర్వచనం పెట్టారు. దేశ జనాభాలో తమ వాటాతో పోలిస్తే డాక్టర్ల వృత్తిలో ఎవరి వాటా తక్కువగా ఉందో వాళ్ళే ఈ లెక్కలోకి వస్తారు అని. ఎవరు తక్కువ అనేది ప్రాంతాన్ని బట్టి మారొచ్చు, కాలాన్ని బట్టి మారొచ్చు, ప్రతి కాలేజీ తన చుట్టుపక్కల జనాన్ని చూసి తనే తేల్చుకోవచ్చు.

ఇందులో "మైనారిటీ" అన్న మాట కన్నా "వాటా" అన్న మాట ముఖ్యం. ఆ హాల్లో అడిగిన పెద్దమనిషి తప్పు లెక్క వెయ్యలేదు, సగం లెక్క వేశారు. మనం రెండు శాతం లోపే, నిజమే. మరి డాక్టర్లలో? ఇక్కడి జనాభాలో ఏషియన్లు సుమారు ఏడు శాతం, డాక్టర్లలో ఐదుగురికి ఒకరు. నల్లజాతివాళ్ళు జనాభాలో 13 శాతం, డాక్టర్లలో ఆరు శాతం కూడా దాటరు. హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) జనాభాలో 19 శాతం, డాక్టర్లలో ఏడు శాతం దగ్గర ఆగిపోయారు. మనకి లెక్కలు ఒకరు నేర్పాలా, ఎక్కాలు పొడిచిన జాతి మనది. మన మహాసభల్లో ఎవరికైనా గుండెపోటు వస్తే "డాక్టర్ ఉన్నారా" అని మైకులో అడగక్కర్లేదు, అరిస్తే నలభై మంది పరిగెత్తుకొస్తారు. అలాంటి జనం డాక్టర్లలో తక్కువగా ఉన్నాం అంటే నవ్విపోరూ.

ఇక్కడే చాలామంది "అయితే మా పిల్లల తప్పేంటి, వాళ్ళు కష్టపడటమే పాపమా" అంటారు. మార్కుల సంగతి నిజమే, దాచను. చేరిన ఏషియన్ పిల్లల సగటు ఎమ్‌క్యాట్ (ఇక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష) మార్కు 514 చుట్టూ ఉంటే, నల్లజాతి పిల్లలది 506 చుట్టూ ఉంటుంది. 528కి గాను. ఆ ఎనిమిది మార్కులు చూసి మనకి కడుపు మండుతుంది. నాకూ మండింది, నా కూతురికి ఒకదాని వెనక ఒకటి రిజెక్షన్లు వస్తున్నప్పుడు. కానీ 506తో చేరినవాళ్ళు మధ్యలో చతికిలపడిపోతున్నారా అంటే, లేదు. వాళ్ళలో అత్యధికులు అవే బోర్డు పరీక్షలు పాసై, అవే రాత్రి డ్యూటీలు చేసి, అదే డిగ్రీ పుచ్చుకుని వస్తున్నారు. కొంత గీత దాటాక మార్కు చెప్పేది తగ్గిపోతుంది, ఇది మన ఎంసెట్ బుర్రలకి ఎక్కదు. మనకి ర్యాంకు అంటే జాతకం.

ఇంకో విషయం, ఇది చదివి నేనే కాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాను. 1978లో అమెరికా మెడికల్ స్కూళ్ళలో కొత్తగా చేరిన నల్లజాతి మగపిల్లలు 542 మంది. 2014లో 515. ముప్పై ఆరేళ్ళు గడిచాయి, ఎన్నో కొత్త కాలేజీలు వచ్చాయి, వేల సీట్లు పెరిగాయి, ఆ సంఖ్య మాత్రం పెరక్కపోగా తగ్గింది. ఆ మధ్యకాలంలోనే కదా మనం వచ్చి, ఇళ్ళు కొనుక్కుని, గుళ్ళు కట్టుకుని, పిల్లల్ని డాక్టర్లని చేసుకున్నది.

ఎందుకిలా అంటే చాలా పాత కథ. 1910లో ఫ్లెక్స్‌నర్ అనే ఆయన దేశంలోని మెడికల్ కాలేజీలన్నీ తిరిగి ఒక రిపోర్టు రాశాడు. చెత్త కాలేజీలు మూతపడ్డాయి, మంచిదే. కానీ నల్లజాతివాళ్ళ కోసమే నడిచే కాలేజీలు అప్పటికి ఏడుంటే వాటిలో ఐదు పోయాయి. హోవర్డ్, మెహారీ రెండే మిగిలాయి. మిగతా కాలేజీలు చాలావాటిలో వాళ్ళకి గుమ్మం కూడా చూపించేవాళ్ళు కాదు. అంటే మూడు తరాల పాటు ఒక జనం తరఫున డాక్టర్లు తయారయ్యే బావి రెండు చేదలతో నడిచింది. తాత డాక్టరైతే మనవడికి ఆ దారి తెలుస్తుంది. ఎవర్ని అడగాలి, ఏ ల్యాబ్‌లో చేరాలి, ఎవరి వెనక తిరగాలి, ఇవన్నీ తెలుస్తాయి. నా కూతురికి ఎనిమిదో క్లాసులోనే తెలుసు, నేను డైనింగ్ టేబుల్ దగ్గర రోజూ వాగేదాన్ని కాబట్టి.

సరే చరిత్ర వదిలేద్దాం, పేషెంటు దగ్గరికి రండి. కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌లో ఒక ప్రయోగం చేశారు, 2018లో బయటికొచ్చింది. నల్లజాతి మగవాళ్ళని కొందర్ని నల్లజాతి డాక్టర్ల దగ్గరికి, కొందర్ని వేరే డాక్టర్ల దగ్గరికి పంపారు. వాళ్ళ రంగువాడైన డాక్టరు చెప్పినప్పుడు షుగర్ టెస్టుకి, కొలెస్ట్రాల్ టెస్టుకి ఒప్పుకున్నవాళ్ళు బాగా పెరిగారు. అది ఊరంతా జరిగితే నల్ల మగవాళ్ళకీ తెల్ల మగవాళ్ళకీ మధ్య గుండెజబ్బు చావుల్లో ఉన్న తేడా 19 శాతం దాకా తగ్గొచ్చని లెక్కగట్టారు. ఇది అర్థం కావడానికి మనకి పరిశోధన కూడా అక్కర్లేదు. ఊరినుంచి వచ్చిన మీ అమ్మగారికి నలతగా ఉంటే మీరేం చేస్తారు? ఇన్సూరెన్స్ లిస్టులో తెలుగు పేరు వెతుకుతారు. ముప్పావు గంట డ్రైవ్ చేసి నా దగ్గరికి తీసుకొస్తారు. ఆవిడ నా ముందు కూర్చుని, "కాళ్ళు పీకుతున్నయ్యమ్మా, గుండెలో గాబరాగా ఉంటంది" అంటుంది, కొడుకుతో చెప్పనిది నాతో చెబుతుంది. ఆ సుఖం మనకి దొరికింది. ఈ దేశంలో కోట్లమందికి దొరకట్లేదు. యూఆర్‌ఎం అనేది మొదట్నుంచీ ఆ ముసలావిడ లెక్క, అప్లికేషన్ పెట్టే మీ వాడి లెక్క కాదు. సీటు బహుమతి అనుకుంటే అన్యాయంగానే కనబడుతుంది.

కెంటకీలో ఉన్నప్పుడు ఇంకోటి తెలుసుకున్నాను. నా పేషెంట్లు దాదాపు అందరూ తెల్లవాళ్ళే, పేదవాళ్ళు, గనుల్లో ఊపిరితిత్తులు నల్లబడిపోయినవాళ్ళు. మూడేళ్ళలో ఆ ఊరినుంచి మెడికల్ స్కూల్‌కి వెళ్ళిన పిల్లని ఒక్కదాన్ని చూళ్ళేదు. 2017 నాటికి దేశంలో మెడికల్ సీట్లలో చేరేవాళ్ళలో పల్లెల్లో పెరిగినవాళ్ళు ఐదు శాతం లోపే. అక్కడ డాక్టర్ ఎవరంటే నేను, ఒక పాకిస్తానీ ఆయన, ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ, వీసా కోసం వచ్చి వీసా అయ్యాక వెళ్ళిపోయినవాళ్ళం. (మూడో ఏడు ఆఖరి వారంలోనే సామాన్లు సర్దేశాను, సిగ్గుపడుతూనే చెబుతున్నా.) అందుకని కొన్ని కాలేజీలు తమ రాష్ట్రంలో పల్లె పిల్లల్ని కూడా ఈ లెక్కలో చూసుకుంటాయి. చర్మం రంగొక్కటే అనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

మరి 2023 సంగతి? ఆ ఏడు జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరొలైనా కేసుల్లో తీర్పిచ్చి, అడ్మిషన్లలో జాతిని చూసి సీటివ్వడానికి లేదంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజు పండగ. ఒకాయన లడ్డూ బొమ్మ పెట్టాడు. అయితే అదే తీర్పులో, పిల్ల తన జాతి వల్ల తన బతుకులో ఏం జరిగిందో రాస్తే, దాంట్లోంచి ఆ పిల్ల ధైర్యమో పట్టుదలో కనబడితే, దాన్ని చూడొచ్చు అని కూడా ఉంది. అంటే అప్లికేషన్‌లో జాతి పెట్టెలో టిక్కు కొడితే సీటు వచ్చే రోజులు, అసలు ఎప్పుడైనా ఉంటే, పోయాయి. ఆ తీర్పు తర్వాత 2024లో చేరిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య పది శాతానికి పైగా పడిపోయింది. అది తెలిసి కూడా మనం ఇంకా "యూఆర్‌ఎం వర్తిస్తుందా" అని అడుగుతున్నామంటే, ఖాళీ అయిన విస్తరి దగ్గర కూర్చుని వడ్డించమన్నట్టుంది.

పెట్టెల సంగతి వచ్చింది కాబట్టి మన సొంత చరిత్ర కొంచెం. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారు అంది. ఆ రోజుల్లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు. డాక్టరీ చదివొచ్చిన మనిషి ఆసుపత్రిలో పోర్టరుగా రాత్రి డ్యూటీలు చేసి చదువుకున్నారు. భారతీయులకి పౌరసత్వం దారి తెరిచిన చట్టం 1946లో గానీ రాలేదు, ఆయన 1948లో పౌరసత్వం లేకుండానే పోయారు. ఆయన బృందం తయారుచేసిన మందు మెథోట్రెక్సేట్ రాసిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు. తర్వాత ఏమైంది? 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపేశారు! అది వద్దు, మమ్మల్ని వేరుగా లెక్కపెట్టండి అని మన భారతీయ సంఘాలే పోరాడితే 1980లో "ఏషియన్ ఇండియన్" అన్న గడి వచ్చింది. ఇంకో తమాషా వినండి. డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ స్కూలు 1970ల్లో వంద సీట్లలో పదహారు వేరుగా పెడితే, అలన్ బాకీ అనే తెల్ల ఇంజనీరు కేసు వేసి 1978లో గెలిచాడు. ఆ పదహారులో ఎవరెవరికి చోటుందో తెలుసా? నల్లజాతివాళ్ళు, మెక్సికన్లు, అమెరికన్ ఇండియన్లు, వాళ్ళతో పాటు ఏషియన్లు. అప్పుడు లోపలున్నాం, ఇప్పుడు బయటున్నాం. వాటా మారింది, లెక్క మారింది. ఏరు దాటాక తెప్ప తగలేసే అలవాటు మనకి కొత్త కాదు గానీ, కనీసం తెప్ప ఉండేదని ఒప్పుకోవాలి కదా.

ఇప్పుడు కొంచెం చేదు మాట. నా కాలేజీలో మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఉండేవాడు, తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఇంట్లో మొదటిసారి పదో తరగతి పాసైంది వాడే. మొదటి ఏడు అనాటమీ పోయింది. క్యాంటీన్‌లో మేమంతా కూర్చుని "కోటా కేసు" అనుకుని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. మా నాన్న నన్ను విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో వేసి, లాంగ్ టర్మ్ కోచింగ్ ఇప్పించి, నా వెనక ఎంత పోశాడో ఆ టేబుల్ మీద ఎవరూ లెక్క తియ్యలేదు. వాడు ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో సర్జన్, నేను సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా అత్తగారి హెర్నియా ఆపరేషన్ చేసింది వాడే. అక్కడ ఉన్నన్నాళ్ళూ మెరిట్, మెరిట్ అని గొంతు చించుకున్నాం. ఇక్కడికొచ్చి విమానం దిగగానే "మేము మైనారిటీ, మాకేదైనా ఉందా" అంటున్నాం. ఇది నేను మిమ్మల్ని అనడం లేదు, నన్ను కలుపుకునే అంటున్నాను. ఆ చప్పట్లు నన్ను అంతగా గుచ్చింది ఇందుకే.

ఇంత రాశాక, ఇక్కడి కాలేజీలు చేసేదంతా సవ్యంగానే ఉందంటానని అనుకోకండి. "ఏషియన్" అనే గడిలో నన్ను, మా పక్కింటి కొరియన్ ఇంజనీరుని, కాంబోడియానుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్ళని, లావోస్ కొండల నుంచి వచ్చిన మాంగ్ వాళ్ళని ఒకే గాటన కట్టేశారు. మా ఒహాయోలో కొలంబస్ చుట్టూ భూటాన్ నుంచి తరిమేస్తే నేపాల్ శిబిరాల్లో ఏళ్ళ తరబడి బతికి వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నా క్లినిక్‌కి వస్తారు. తల్లి గిడ్డంగిలో పెట్టెలు మోస్తుంది, తండ్రికి చదువు రాదు, పదహారేళ్ళ పిల్ల నేపాలీలోంచి ఇంగ్లీషులోకి తల్లి గర్భాశయం సంగతి నాకు తర్జుమా చేసి చెబుతుంది. రేపు ఆ పిల్ల అప్లై చేస్తే? ఏషియన్. నా కూతురు? ఏషియన్. లెక్కల్లో ఇద్దరిదీ "ఎక్కువగా ఉన్న" జాతే. ఆ పిల్ల భాషలో మాట్లాడే డాక్టరు నా ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఇది తెలుగువాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన విషయం కాదు. ఎస్సీ వర్గీకరణ గొడవ మన ఇంట్లో జరిగిందే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగింది ఇదే కదా, ఒకే పేరు కింద అందరినీ కలిపితే ముందున్నవాళ్ళే పట్టుకుపోతారు, లోపల ఎవరికెంత అందిందో లెక్క తియ్యండి అని. ముప్పై ఏళ్ళు పట్టింది. 2004లో సుప్రీంకోర్టు కాదంది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జీలతో సరేనంది, 2025లో తెలంగాణ, ఆంధ్ర రెండూ అమల్లోకి తెచ్చాయి. వర్గీకరణ మీద మీ మీ అభిప్రాయాలు ఏవైనా కానివ్వండి, ఆ వాదన అర్థం కాని తెలుగువాడు లేడు. మరి ఇక్కడ ఏషియన్ గడిని తెరిచి చూపించండి అని మనం ఎందుకు అడగం? ఎందుకంటే తెరిస్తే అందులో ముందు వరసలో కనబడేది మనమే.

నల్లజాతి గడి, హిస్పానిక్ గడి కూడా తెరవాల్సినవే, అందులో మొహమాటం లేదు. నైజీరియానుంచి వచ్చిన కార్డియాలజిస్టు కొడుకు, మిసిసిపీలో ఏడు తరాలుగా ఉన్న కూలీ కొడుకు ఒకటేనా అని మీరడిగితే, కాదు, ఒకటి కాదు. క్రీమీ లేయర్ అన్నమాట కనిపెట్టిన దేశం నుంచి వచ్చిన మనకి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. కానీ ఆ ప్రశ్న మా వాడి సీటు కోసం కాకుండా ఆ కూలీ కొడుకు కోసం అడిగితేనే అందం.

ఇక అబద్ధాల సంగతి. సెషన్ అయ్యాక కాఫీల దగ్గర ఒకావిడ నా చెవిలో చెప్పిన "ఐడియా" వింటే మీకు నవ్వొస్తుంది, వాళ్ళాయన పూర్వీకులు ఎవరో గయానా వెళ్ళారట, గయానా దక్షిణ అమెరికాలో ఉంది కాబట్టి పిల్లవాడు హిస్పానిక్ కాడా అని. కాడమ్మా. అక్కడ ఇంగ్లీషు మాట్లాడతారు. పాతికేళ్ళ కింద మన భారతీయ కుర్రాడే ఒకడు గుండు గీయించుకుని, నల్లజాతివాణ్ణని రాసి ఒక మెడికల్ స్కూల్లో సీటు తెచ్చుకున్నాడు. తర్వాత తనే బయటపెట్టి గొప్పగా చెప్పుకున్నాడు. చదువు మాత్రం పూర్తి చెయ్యలేదు. అప్లికేషన్ కింద ఇవన్నీ నిజాలే అని సంతకం పెట్టాలి, తేడా వస్తే చేరాక కూడా ఊడబీకుతారు. డాక్టరీలోకి అడుగుపెట్టడమే అబద్ధంతో అయితే రేపు పేషెంటు చార్టులో ఏం రాస్తాడండీ?

ఆ హాల్లో అసలు ప్రశ్న ఇంకొకావిడ అడిగింది, చప్పట్ల గోలలో ఎవరూ వినలేదు. వెనక వరసలో నిలబడి, మైకు లేకుండానే. "నేనూ మా ఆయనా గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ చూసుకుంటామండీ. నేను వరంగల్‌లో బీఎస్సీ చేశాను. మా పాప పదో క్లాసు నుంచి సాయంత్రాలు కౌంటర్‌లోనే ఉంటంది. రీసెర్చ్ లేదు, డాక్టర్ల వెనక తిరిగి పని చూసే షాడోయింగ్ లేదు. దానికేమైనా ఉంటదా?" కన్సల్టెంట్ గారు టైమ్ అయిపోయిందన్నారు.

ఉంటుందమ్మా. యూఆర్‌ఎం కాదు, దానికన్నా మీకు పనికొచ్చేది. అప్లికేషన్‌లో తల్లిదండ్రుల చదువెంత, ఏం పని చేస్తారు అని అడుగుతారు. ఆ రెండూ కలిపి ఒక సూచిక వేస్తారు, డిగ్రీ ఉన్నా కౌంటర్ పనీ కూలిపనీ చేసేవాళ్ళ పిల్లల్ని అది వేరుగా చూపిస్తుంది. కాబట్టి సిగ్గుపడి "బిజినెస్" అని రాయకండి, క్యాషియర్ అని రాయండి. మనవాళ్ళలో సగం మంది చేసే తప్పిది, పెళ్ళి సంబంధాల బయోడేటా అనుకుంటారు. పెరిగిన చోట డాక్టర్లు తక్కువగా ఉండేవారా, ఇంటి ఆదాయమెంత, చదువుకుంటూ ఇంటికి డబ్బు సంపాదించిందా, ఇవన్నీ అడుగుతారు, అన్నీ ఉన్నదున్నట్టు నింపండి. ఫీజు కట్టలేకపోతే ఏఏఎంసీ వాళ్ళ ఫీజు సాయం ఉంది, అది ముందే పెట్టుకోవాలి, అప్లికేషన్ పంపాక ఇవ్వరు. ఇంకా, బతుకులో ఎదురైన అడ్డంకుల గురించి రాసుకోవడానికి ఒక వ్యాసం ఉంది. అందులో మీ పాప రాత్రి పదకొండింటికి కౌంటర్ వెనక ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుకున్న సంగతి రాయాలి. పనుల లిస్టులో ఆ కౌంటర్ ఉద్యోగాన్ని తప్పకుండా పెట్టమనండి. నేను ఇంటర్వ్యూ చేసిన పిల్లల్లో నాకు బాగా గుర్తున్నది పరిశోధన పేపర్లున్నవాళ్ళు కాదు, తాగొచ్చిన కస్టమర్‌తో ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్ళు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డులో పనికొచ్చేది అదే విద్య.

సంఘం పెద్దలకి నావి మూడు విన్నపాలు. వచ్చే మహాసభల్లో ఈ సెషన్ మళ్ళీ పెడితే ఆ "కథ కట్టుకోవచ్చు" స్లైడు తీయించండి. కన్సల్టెంట్‌కి ఇచ్చే టైములో సగం ఫీజు సాయం, ఆదాయం గళ్ళు ఎలా నింపాలో చూపించడానికివ్వండి, మన జనంలో హెచ్1బీలే కాదు, మోటళ్ళలో, కిరాణా కొట్లలో పనిచేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఆ హాల్లో వెనక నిలబడతారు. మూడోది కొంచెం కష్టమే. ఏషియన్ లెక్కల్ని విడగొట్టి ప్రచురించమని మెడికల్ కాలేజీలకి మన సంఘాల లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాద్దాం, మాంగ్ వాళ్ళు, భూటాన్ వాళ్ళు, కాంబోడియా వాళ్ళు ఎంతమందో వేరుగా చూపించమని. డ్రాఫ్టు నేను రాస్తాను. మీరు సంతకాలు పెట్టాలి, మన పిల్లలకి దానివల్ల ఒక్క సీటు కూడా కలిసిరాదని తెలిసే పెట్టాలి.

మైకు పట్టుకుని అడిగిన అన్నయ్యా, మీ వాడి మార్కులు మీరు ఆ రోజే చెప్పారు, బాగున్నాయి. వాడికి యూఆర్‌ఎం అక్కర్లేదు, ఇంకో నాలుగు కాలేజీలు లిస్టులో కలపమనండి, పెద్ద పేర్లు కాకుండా. ఒక ఏడు ఆలస్యమైతే అయింది.

వెనక వరస చెల్లెమ్మా, ఆ రోజు నీ దగ్గరికి వచ్చేలోపు నువ్వు షిఫ్టుకి టైమైందని వెళ్ళిపోయావని చెప్పారు. నా నంబరు సంఘం సెక్రటరీ గారి దగ్గర ఇచ్చి ఉంచాను. అప్లికేషన్లు మే చివర్నుంచి తీసుకుంటారు. పాపని ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఫోన్ చెయ్యమను, నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఒహాయో నుంచి ఒక తెలుగు డాక్టరు